డేటాబేస్ ముందు, ఆపరేటింగ్ సిస్టమ్ తర్వాత

సర్వర్ కొని, దాని మీద ఏదో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ వేసేసి, ఆ తర్వాత డేటాబేస్ గురించి ఆలోచిస్తే వరస తలకిందులైనట్టే. ముందు తేలాల్సింది అప్లికేషన్. ఈఆర్‌పీ (సంస్థ పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) గానీ అకౌంట్స్ ప్యాకేజీ గానీ బయట కొన్నదైతే, ఏ డేటాబేస్, ఏ వెర్షన్ మీద నడిస్తే సపోర్ట్ ఇస్తారో అమ్మినవాళ్ల చేత రాయించుకోండి. మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మాత్రమే అంటే ఇక చూడాల్సింది ఎడిషను, లైసెన్సులే.

సొంతంగా రాయించుకుంటుంటే ఎంపిక మీ చేతిలో ఉంటుంది. కాగితం మీద ఈ అంకెలు రాసుకోండి: ఇప్పుడు డేటా ఎన్ని జీబీ, మూడేళ్లకు ఎంత, రద్దీ వేళ ఒకేసారి ఎందరు రాస్తారు, సర్వర్ పడిపోతే ఎన్ని నిమిషాలు ఓర్చుకోగలరు, ఎన్ని నిమిషాల డేటా పోయినా ఫర్వాలేదు.

వేరే బలమైన కారణం లేకపోతే పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్ తీసుకోండి. లైసెన్సు ఖర్చు లేదు, ప్రతి మేజర్ వెర్షన్‌కూ 5 ఏళ్లు అప్‌డేట్లు వస్తాయి. టేబుల్ మార్పులు కూడా చాలావరకు ట్రాన్సాక్షన్‌లోనే (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే పద్ధతిలో) జరుగుతాయి కాబట్టి మధ్యలో విఫలమైతే మొత్తం వెనక్కి పోతుంది. మరో ఉచిత డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో ఈ సౌకర్యం లేదు. కొన్ని టేబుళ్లు మారి, కొన్ని మారకుండా మిగిలిపోతాయి. పోస్ట్‌గ్రెస్ ఇబ్బంది కనెక్షన్ల దగ్గర. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ లేస్తుంది. డిఫాల్ట్ పరిమితి 100. చాలడం లేదని దాన్ని 1000 చేస్తే మెమరీ హరించుకుపోతుంది. దాని బదులు, కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్‌ను డేటాబేస్ ముందు పెట్టండి. డిస్క్ ఎక్కువ వాడుతోందని ఆటోవాక్యూమ్‌ను (పనికిరాని పాత వరసలను తనంతట తానే శుభ్రం చేసేది) మాత్రం ఆపేయకండి. చచ్చిన వరసలు పేరుకుపోయి టేబుళ్లు ఉబ్బిపోతాయి.

మీ మనుషులకు మైఎస్‌క్యూఎల్ చేయి తిరిగి ఉంటే అదే తీసుకోవడం మంచిది. అర్ధరాత్రి సర్వర్ ఆగితే ఆదుకునేది ఆ అనుభవమే. క్యారెక్టర్ సెట్ (అక్షరాలను దాచే పద్ధతి) మాత్రం యూటీఎఫ్8ఎంబీ4 అయి ఉండాలి. పాత యూటీఎఫ్8లో అక్షరానికి 3 బైట్లే పడతాయి, 4 బైట్ల ఎమోజీలు పట్టవు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితమే. కానీ 2022 వెర్షన్ వరకూ ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటదు. ఆ గీత తాకిన రోజున కొత్త బిల్లులు ఎక్కవు, కాబట్టి మూడేళ్ల అంకె ఇక్కడ పనికొస్తుంది. డబ్బు కట్టాల్సిన స్టాండర్డ్ ఎడిషన్‌ను ప్రాసెసర్ కోర్ లెక్కన కొంటే, తక్కువ కోర్లతో వేగంగా నడిచే ప్రాసెసర్ ఎంచుకోవడమే లాభం.

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లకు లైనక్సే సరైన చోటు. లైనక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్) విడుదలలే తీసుకోండి, 5 ఏళ్లు ఉచిత అప్‌డేట్లు ఉంటాయి. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్‌కు 10 ఏళ్లు. 2029 దాకా ఉంటుందనుకున్న, రెడ్‌హ్యాట్‌కు ఉచిత రూపమైన సెంట్ఓఎస్ లైనక్స్ 8 డిసెంబరు 31, 2021తోనే ఆగిపోయింది కాబట్టి, మరో చోటికి మారే దారి కూడా ముందే చూసుకోండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017 నుంచి లైనక్స్ మీదా నడుస్తోంది; దాని నివేదికలు తయారుచేసే భాగం రిపోర్టింగ్ సర్వీసెస్ కావాలంటే మాత్రం విండోస్ తప్పదు. విండోస్‌లో డేటా డ్రైవ్‌ను 64 కేబీ అలొకేషన్ యూనిట్‌తో ఫార్మాట్ చేయండి.

డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్ ఒకదానితో ఒకటి ఎంత ముడిపడి ఉన్నాయో అప్‌గ్రేడ్ రోజున తెలుస్తుంది. పోస్ట్‌గ్రెస్ మామూలుగా అక్షరాల వరస క్రమాన్ని లైనక్స్‌లోని మూల లైబ్రరీ జీలిబ్‌సీ నుంచి తీసుకుంటుంది. జీలిబ్‌సీ 2.28లో ఆ క్రమం మారింది. లైనక్స్‌లోనే మరో రకమైన డెబియన్ 9 నుంచి 10కి, రెడ్‌హ్యాట్ 7 నుంచి 8కి డేటా డైరెక్టరీని ఉన్నదున్నట్టు తీసుకెళ్తే టెక్స్ట్ ఇండెక్సులు (త్వరగా వెతకడానికి ఉంచే సూచికలు) పాత క్రమంలోనే ఉండిపోతాయి. అప్పుడు టేబుల్‌లో ఉన్న రికార్డే వెతికితే దొరకదు, యూనిక్ కాలమ్‌లో డూప్లికేట్లు దూరతాయి, ఎర్రర్ మాత్రం రాకపోవచ్చు. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాక టెక్స్ట్ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయండి, లేదా డంప్ తీసి కొత్త సర్వర్‌లో ఎక్కించండి. స్ట్రీమింగ్ రెప్లికా (మార్పులను ఎప్పటికప్పుడు అందుకునే నకలు సర్వర్) పెడితే రెండు సర్వర్లలోనూ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్, ఒకే వెర్షన్ ఉండాలి.

మెమరీ విషయానికొస్తే, 32 జీబీ సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్స్‌కు (డేటాను మెమరీలో ఉంచుకునే చోటు) 8 జీబీతో మొదలుపెట్టండి. మైఎస్‌క్యూఎల్‌కే అంకితమైన సర్వర్ అయితే అలాంటి చోటే అయిన బఫర్ పూల్‌కు 20 జీబీ ఇవ్వొచ్చు. రెండింటికీ డిఫాల్ట్ 128 ఎంబీయే. మెమరీ నిండితే లైనక్స్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క కనెక్షన్ ప్రాసెస్ అలా చచ్చినా కనెక్షన్లన్నీ తెగి రికవరీ మొదలవుతుంది. ఉన్నదానికి మించి మెమరీ ఇవ్వాలా వద్దా అని చెప్పే లైనక్స్ సెట్టింగ్ ఓవర్‌కమిట్ మెమరీని 2కు మారిస్తే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది.

కొనేముందు పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే వేగ పరీక్ష సాధనం పీజీబెంచ్‌తో పరీక్షించండి. పరీక్ష డేటా పరిమాణాన్ని స్కేల్‌తో చెప్తారు; స్కేల్ 1 అంటే అకౌంట్స్ టేబుల్‌లో లక్ష వరసలు, సుమారు 15 ఎంబీ. 32 జీబీ సర్వర్‌కు స్కేల్ 3000 పెట్టండి. డేటా మెమరీలో పట్టేస్తే డిస్క్ సంగతి బయటపడదు. తర్వాత బ్యాకప్‌ను వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి, ఎన్ని నిమిషాలు పట్టిందో ఆ కాగితం మీది అంకెతో పోల్చండి. ఎక్కువ పడితే రెండో సర్వర్ ఖర్చును కూడా ఈ కొనుగోలులోనే కలపండి.