ప్లేస్కూల్ టీచర్‌కి, ఆయమ్మకి గిఫ్ట్ ఎంచుకోవడం ఎలా?

రెండేళ్ల క్రితం సెప్టెంబర్ 5న మా వాడి చేతికి కాఫీ మగ్గు ఇచ్చి ప్లేస్కూల్‌కి పంపాను. ముందురోజు విజయవాడ బీసెంట్ రోడ్డంతా తిరిగి కొని, రంగు కాగితం చుట్టి, రిబ్బను కూడా కట్టాను. సాయంత్రం వాణ్ణి తీసుకురావడానికి వెళ్తే టీచర్ బల్ల మీద వరసగా ఆరు మగ్గులు. వాటిలో మాది ఏదో నాకే తెలియలేదు. ఇంటికొస్తుంటే బస్టాప్‌లో ఆవిడే కనిపించారు. రెండు చేతుల్లో రెండు పెద్ద కవర్లు, బస్సెక్కేటప్పుడు రాడ్ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. గేటు తీసిన ఆయమ్మ చేతిలో మాత్రం ఏమీ లేదు. రోజుకి రెండుసార్లు మా వాడి నిక్కరు మార్చింది ఆవిడే.

ఆ మగ్గు మీద పెట్టిన డబ్బుకి ఇప్పటికీ నా మనసు ఒప్పుకోదు. మీరు అలా చేయకుండా ఉండాలంటే ఇదిగో, నేను నేర్చుకున్న పద్ధతి.

1. ఎవరెవరికి ఇవ్వాలో ముందు రాసుకోండి

షాపింగ్ తర్వాత. పొద్దున గేటు దగ్గర వదిలినప్పటి నుంచి మళ్లీ ఇంటికి చేరేదాకా మీ పిల్లని ఎవరెవరు చూస్తున్నారో ఒక కాగితం మీద రాయండి. క్లాస్ టీచర్ అందరికీ గుర్తొస్తారు. అసిస్టెంట్ టీచర్, ఆయమ్మ, వ్యాన్ డ్రైవర్ ఆలోచిస్తే గానీ గుర్తురారు. డేకేర్ అయితే మధ్యాహ్నం జోకొట్టి పడుకోబెట్టే ఆవిడ, మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చోబెట్టుకునే ఆవిడ కూడా ఉంటారు. పేర్లు తెలియకపోతే కనుక్కోండి. ఆయమ్మ అన్నది ఆవిడ చేసే పని, ఆవిడ పేరు కాదు.

డబ్బు పంచుకునేది కూడా ఇప్పుడే. నేను 1,500 తీసి పెడితే టీచర్‌కి 600, ఆయమ్మకి 600, మిగిలింది వ్యాన్ అబ్బాయికి. టీచర్‌తో సమానంగా ఆయమ్మకా అని మా అత్తగారు అడిగారు. మూడేళ్ల లోపు పిల్లల విషయంలో అంతే అత్తయ్యా అన్నాను.

2. స్కూల్లో అడగండి

కొన్నిచోట్ల గిఫ్టులు తీసుకోవద్దని స్టాఫ్‌కి చెప్పి ఉంచుతారు. ఆఫీసులో ఒక్క మాట అడిగితే సరిపోతుంది. వద్దంటే క్లాసుకి పనికొచ్చే కథల పుస్తకాలో, క్రేయాన్లో ఇవ్వొచ్చు. అంగన్‌వాడీ కేంద్రమైనా అంతే. అక్కడి కార్యకర్తని, హెల్పర్ని అడిగితే చాపలు కావాలో, పలకలు కావాలో వాళ్లే చెప్తారు.

3. వాళ్ల రోజు ఎలా గడుస్తుందో గమనించండి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఒక్క పది నిమిషాలు కిటికీలోంచి చూడండి. ఇరవై మంది పిల్లలతో రైమ్స్ పాడీ పాడీ టీచర్ గొంతు సాయంత్రానికి బొంగురుపోతుంది. వేడినీళ్లు చల్లారని చిన్న స్టీలు ఫ్లాస్క్ ఆవిడకి రోజూ పనికొస్తుంది. అన్నం తినేది పిల్లలు తిన్నాకే కాబట్టి, వేడిగా ఉంచే లంచ్ బాక్స్ కూడా మంచిదే. కాకపోతే ఇప్పటికే మంచి బాక్స్ ఉందేమో చూసుకోండి.

ఇక ఆయమ్మ చేతులు. ముక్కు తుడిచి కడుక్కోవాలి, డయపర్ మార్చి కడుక్కోవాలి, పాల సీసాలు కడగాలి, నేల తుడవాలి. సబ్బులో నాని నాని వేళ్ల సందులు పగిలిపోతాయి. మా ఆయమ్మ వేళ్లు ఒకసారి దగ్గర్నుంచి చూశాను, గోళ్ల పక్కన తెల్లగా పొరలు లేచి ఉన్నాయి. ఆ ఏడు ఆవిడకి వాసన లేని మాయిశ్చరైజర్ పెద్ద సీసా ఒకటి, మంచి మెత్తటి చెప్పులు ఒక జత ఇచ్చాను. కాళ్ల కొలత కోసం గుమ్మం దగ్గర విడిచిన ఆవిడ చెప్పుల నంబరు చూశాను. దొంగతనంగానే.

ఆయమ్మకి డబ్బే ఇస్తే తప్పా అని కొందరు అడుగుతారు. తప్పేం లేదు. చాలాసార్లు అదే ఎక్కువ ఉపయోగం. కాకపోతే మడిచిన నోటు గుప్పిట్లో కుక్కకండి. కవరులో పెట్టి, పేరు రాసి, రెండు చేతులతో ఇవ్వండి.

4. చీర పెట్టాలనుకుంటే

మన ఊళ్లలో గిఫ్ట్ అనగానే చేయి చీర మీదకే పోతుంది. బెజవాడకీ గుంటూరుకీ మధ్యలోనే మంగళగిరి ఉండగా పోకుండా ఎలా ఉంటుంది! ఒళ్లంతా సాదాగా ఉండి, నిజాం అంచు ఉన్న మంగళగిరి కాటన్ టీచర్లకి చక్కగా నప్పుతుంది. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది, ఎండాకాలం హాయిగా ఉంటుంది. కానీ ఒక లెక్క చూసుకోండి. చీర మనం ఇస్తాం. ఫాల్, పీకో, జాకెట్ కుట్టుకూలి మాత్రం ఆవిడే పెట్టుకోవాలి. అందుకని ఫాల్, పీకో మీరే చేయించి ఇవ్వండి, జాకెట్ గుడ్డ చీరలోనే ఉందో లేదో చూసి కొనండి. చాలామంది టీచర్లు ఇప్పుడు చుడీదార్లే వేసుకుంటున్నారు. అలాంటివాళ్లకి మంగళగిరి దుపట్టా ఒక్కటి చాలు, కొలతలతో పని లేదు.

జాకెట్ ముక్క ఒక్కటే పెట్టడం మాత్రం వద్దు. పేరంటాల్లో వచ్చిన ముక్క నాలుగిళ్లు తిరిగి మళ్లీ మనింటికే రావడం అందరికీ అనుభవమే.

పసుపు, కుంకుమ, తాంబూలంతో కలిపి ఇచ్చేముందు కూడా ఆలోచించండి. గుంటూరు, విజయవాడ స్కూళ్లలో క్రైస్తవ టీచర్లు చాలామంది ఉంటారు, ముస్లిం టీచర్లూ ఉంటారు. భర్త పోయినావిడకి నలుగురిలో బొట్టు పెట్టబోయి, ఇద్దరూ ఇబ్బంది పడటం నేను చూశాను. చీర చీరగా ఇస్తే ఎవరికీ ఏ గొడవా లేదు. క్రైస్తవ టీచర్ అయితే డిసెంబర్‌లో, పండక్కి ముందు ఇవ్వండి, కుట్టించుకుని కట్టుకుంటారు.

5. కొండపల్లి బొమ్మలు, తినుబండారాలు

విజయవాడకి ఇరవై కిలోమీటర్ల లోపే కొండపల్లి. ఓపిక ఉంటే పిల్లాణ్ణి తీసుకుని బొమ్మల కాలనీకే వెళ్లండి, లేదంటే లేపాక్షి ఎంపోరియం ఉంది. తెల్ల పొణికి కర్ర తేలిక కాబట్టి మోయడం సులువు. ఎద్దులబండి, తాడిచెట్టెక్కే మనిషి లాంటి పల్లె బొమ్మలు కొంటే టీచర్ క్లాసులో కథ చెప్పుకోవడానికీ వాడుకుంటారు. ఒక జాగ్రత్త. ఆ బొమ్మల చేతులు, కాళ్లు విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు, పైన రంగు వేస్తారు. నోట్లో పెట్టుకునే పిల్లల చేతికి ఇచ్చేవి కావు, అల్మారా పైఅరలో ఉండాల్సినవి.

తినేవి అయితే తక్కువ ఇవ్వండి. ఏప్రిల్‌లో మన ఎండకి చాక్లెట్ గేటు దాకా వెళ్లేలోపే పాయసం అయిపోతుంది. పూతరేకులు వ్యాన్‌లో నలిగి పొడి అవుతాయి. టీచర్‌కి షుగర్ ఉందేమో కూడా మనకి తెలియదు. ఇంట్లో చేసిన కారప్పూస, జంతికలు చిన్న స్టీలు డబ్బాలో పెట్టిస్తే నిలవ ఉంటాయి, డబ్బా కూడా మిగులుతుంది. గోంగూర పచ్చడి ఇవ్వొచ్చా అంటే, నూనె కారని సీసా దొరికితేనే.

6. అందరూ కలిసి ఇస్తే ఇంకా మేలు

పద్దెనిమిది మంది తల్లిదండ్రులు తలా 150 వేస్తే 2,700 అవుతుంది. పద్దెనిమిది మగ్గుల బదులు ఒక మంచి చీర, ఆయమ్మకి మిక్సీకో కుక్కర్‌కో సాయం. వాట్సాప్ గ్రూపులో ఎవరెంత వేశారో లిస్టు మాత్రం పెట్టకండి. ఆ నెల చేతిలో డబ్బు లేని ఇల్లు ఒకటైనా ఉంటుంది. ఒక కవరు తిప్పి, వేసినంత వేయమంటే సరి. కార్డు మీద పిల్లలందరి పేర్లూ ఉండాలి, వేయనివాళ్లవి కూడా.

7. చీటీ రాయండి

ఇది మానేస్తే మిగతాదంతా ఉత్త షాపింగే. "మా అబ్బాయిని బాగా చూసుకున్నందుకు థాంక్స్" అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ గుర్తుండదు. జరిగిన విషయం ఒక్కటి రాయండి. నేను రాసింది ఇది: "జూన్‌లో మా వాడు నా చున్నీ వదలకుండా గేటు దగ్గర ఏడిస్తే, మీరు వాణ్ణి ఎత్తుకుని జామచెట్టు మీద ఉడతని చూపించారు. ఇప్పుడు ఆదివారం కూడా ఉడత దగ్గరికి వెళ్దామంటున్నాడు."

అది ఆయమ్మకి రాసింది. ఆవిడకి చదవడం రాదని నాకు ఇచ్చాక గానీ తెలియలేదు. టీచర్ చేత చదివించుకుని, ఇంకోసారి చదవండి మేడమ్ అందట. కాబట్టి మీరు నోటితో కూడా చెప్పండి. కింద పిల్లాడి చేత ఏదైనా గీయించండి, పిచ్చిగీతలైనా సరే. మీరు దిద్దకండి.

వీలైతే ఇంకో ఉత్తరం యాజమాన్యానికి రాయండి, టీచర్, ఆయమ్మ పేర్లతో సహా. ఫిర్యాదులు రాసేవాళ్లే గానీ బాగుందని రాసేవాళ్లు ఉండరు. జీతం పెంచే మాట వచ్చినప్పుడు ఆ కాగితం మన చీర కంటే ఎక్కువ పనిచేయొచ్చు.

8. ఎప్పుడు, ఎలా ఇవ్వాలి

పొద్దున తొమ్మిదింటికి వద్దు, ఏడ్చే పిల్లల మధ్య ఆవిడకి తల తిప్పే తీరిక ఉండదు. అడ్మిషన్ల సమయంలో, మీ పిల్లాడి గురించి ఏదైనా గొడవ నడుస్తున్నప్పుడు కూడా వద్దు, దానికి వేరే అర్థం వస్తుంది. ఏప్రిల్‌లో సెలవులకి నాలుగైదు రోజుల ముందు, సాయంత్రం మిగతా తల్లులు వెళ్లాక ఇవ్వండి. ఆవిడ బస్సులో వెళ్తారా, బండి మీదా అని ముందే కనుక్కోండి. బస్సైతే అంతా కలిపి భుజానికి తగిలించుకునే గుడ్డసంచిలో పెట్టివ్వండి. రాడ్ పట్టుకోవడానికి ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి.