ఆన్‌లైన్ దుకాణం మనమే పెట్టుకుందాం – 5వ పాఠం: ఒకే వస్తువు, రకరకాల ధరలు

పోయిన పాఠంలో ఒక చెక్క బల్లకు లక్షణాలు రాసుకున్నాం. సైజు మూడు రకాలు, చెక్క రెండు రకాలు, పాలిష్ నాలుగు రకాలు. మొత్తం ఎన్ని వేరియేషన్లు (ఒక్కో లక్షణంలోంచి ఒకటి చొప్పున తీసుకుని కలిపితే వచ్చే రకాలు) వస్తాయో లెక్క వేయమని మీకు వదిలేశాను. 3 × 2 × 4 కాబట్టి 24. తొమ్మిది అన్నవాళ్లు గుణించాల్సిన చోట కూడారు. అయినా ఆ తొమ్మిదిని కొట్టేయకండి, ఈ రోజు పనంతా దానితోనే.

ఎందుకంటే 24 బల్లలకు 24 ధరలు విడివిడిగా రాసుకోవచ్చు, లేదా ఒక మూల ధర రాసుకుని, ఒక్కో రకానికి ఎంత ఎక్కువో తొమ్మిది చోట్ల రాసుకోవచ్చు. ఈ ఎక్కువనే ఈ పాఠంలో మార్కప్ అంటున్నాను. రేపు చెక్క రేటు పెరిగితే మొదటి పద్ధతిలో సగం ధరలు మళ్లీ కొట్టాలి. రెండో పద్ధతిలో ఒక్క అంకె మారిస్తే చాలు.

మన బల్ల లెక్క ఇలా పెట్టుకుందాం. చిన్న బల్ల, మామూలు చెక్క, సాదా పాలిష్: మూల ధర 4000. మధ్య సైజుకు 1500 ఎక్కువ, పెద్దదానికి 3000 ఎక్కువ. టేకు అయితే 40 శాతం ఎక్కువ. పాలిష్‌లో మూడు సాదా రంగులకు ఏమీ లేదు, మెరిసే పాలిష్‌కు మాత్రం 300.

ఇప్పుడు పెద్ద టేకు బల్ల, మెరిసే పాలిష్‌తో ఎంత? కిందకు చదివే ముందు కాగితం మీద వేసి చూడండి.

సైజు కలిపాక 7000. దాని మీద 40 శాతం వేస్తే 9800. పాలిష్ కలిపితే 10100. కొందరికి 8900 వచ్చి ఉంటుంది, వాళ్లు 40 శాతాన్ని మూల ధర మీదే వేశారు. ఇంకొందరికి 10220 వచ్చి ఉంటుంది, వాళ్లు పాలిష్ కూడా కలిపాక శాతం వేశారు. ముగ్గురి కూడికల్లోనూ తప్పు లేదు. శాతం దేని మీద అన్నది నేను చెప్పలేదు, తప్పు అదే. దుకాణం సెట్టింగులు తెరిచే ముందే ఈ ఒక్క వాక్యం రాసి పెట్టుకోండి: ముందు సైజు, తర్వాత చెక్క శాతం, ఆఖరున పాలిష్. పెద్ద బల్లకు టేకు ఎక్కువ పడుతుంది కాబట్టి శాతం సైజు తర్వాతే రావాలి. పాలిష్ మీద టేకు శాతం వేయడానికి కారణమే లేదు.

మీ దుకాణం ఏ రకం?

ఇక్కడే చాలామంది తికమక పడతారు. దుకాణం నడిపే సాఫ్ట్‌వేర్లలో కొన్ని తేడాను, అంటే మన మార్కప్‌ను, రాసి పెట్టుకుంటాయి, కొన్ని తుది ధరనే రాసి పెట్టుకుంటాయి.

ఓపెన్‌కార్ట్‌లో ఒక్కో ఆప్షన్ పక్కన కూడిక లేదా తీసివేత గుర్తు ఎంచుకుని ఎంత అన్నది రాస్తాం. ప్రెస్టాషాప్‌లో ఒక్కో కాంబినేషన్‌కు మూల ధర మీద ఎంత ప్రభావమో రాస్తాం, పన్ను లేకుండా ఒక గడి, పన్నుతో ఒక గడి ఉంటాయి. ఏ గడిలో కొడుతున్నారో చూసుకోండి. ఓడూలో లక్షణం విలువకే అదనపు ధర అంటించవచ్చు. ఇవన్నీ తేడా రకం.

వూకామర్స్, షాపిఫై తుది ధర రకం. ప్రతి వేరియేషన్‌కూ తన ధర తనకే ఉంటుంది, మూల ధర అనే మాటే వాటికి తెలియదు. మెజెంటో అయితే దారి మార్చుకుంది. మొదటి తరంలో లక్షణం విలువ పక్కన ఇంత ఎక్కువ అనో ఇంత శాతం అనో రాసేవాళ్లు. 2015లో వచ్చిన మెజెంటో 2లో అది తీసేసి, ప్రతి రకాన్నీ సొంత ధర ఉన్న విడి వస్తువుగా చేశారు. తేడా పద్ధతికి అలవాటు పడ్డవాళ్లకు ఈ మార్పు మింగుడుపడలేదు.

తుది ధర రకంతో వచ్చే చిక్కు ఒక్కటే. 9800 అని కనిపిస్తుంది కానీ, అది ఎలా వచ్చిందో ఎక్కడా ఉండదు. ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు. అందుకే తొమ్మిది అంకెల పట్టికను ఒక స్ప్రెడ్‌షీట్‌లో విడిగా ఉంచుకుని, తుది ధరలు దాన్నుంచే ఫార్ములాతో పుట్టించండి.

వూకామర్స్‌లో చేద్దాం

ప్రొడక్ట్ డేటాలో వేరియబుల్ ప్రొడక్ట్ ఎంచుకుని, అట్రిబ్యూట్స్‌లో మూడు లక్షణాలూ చేర్చి, వేరియేషన్లకు వాడాలి అన్న టిక్ పెట్టండి. ఈ టిక్ మరిచిపోతే తర్వాతి ట్యాబ్‌లో ఏమీ కనపడదు, అది నాలుగో పాఠంలోనే చెప్పుకున్నాం. వేరియేషన్స్ ట్యాబ్‌లో జనరేట్ నొక్కితే 24 వరసలు వస్తాయి. ఒక్కసారికి 50 వరకే తయారు చేస్తుంది, మనకు సరిపోతుంది. ధర లేని వేరియేషన్‌ను కొనేవాళ్లు కొనలేరు, కాబట్టి ఒక్కటీ ఖాళీగా వదలొద్దు.

కానీ ఆగండి, 24 నిజంగా కావాలా? మూడు సాదా రంగులకు ధరలో తేడా లేదు. వాటి స్టాక్ విడిగా లెక్కపెట్టే పని కూడా లేకపోతే, పాలిష్ దగ్గర 'ఎనీ' (ఏదైనా సరే) అని వదిలేయవచ్చు. అప్పుడు సైజు, చెక్క కలిపి ఆరు వరసలు 'ఎనీ' పాలిష్‌తో, ఇంకో ఆరు మెరిసే పాలిష్‌తో, మొత్తం పన్నెండే. ఒక జాగ్రత్త: వూకామర్స్ పై నుంచి కిందకు చూస్తూ మొదట కుదిరినదాన్ని పట్టుకుంటుంది. 'ఎనీ' వరసలు పైన ఉంటే మెరిసే పాలిష్ అడిగినవాళ్లకు కూడా సాదా ధరే చూపిస్తుంది, 300 మీ చేతి నుంచి పోతుంది. మెరిసేవాటిని పైకి లాగి పెట్టండి.

ధరలు నింపడానికి ఆ ట్యాబ్‌లోనే బల్క్ యాక్షన్స్ ఉన్నాయి. రెగ్యులర్ ధర పెంచు అన్నది ఎంచుకుంటే చిన్న పెట్టె అడుగుతుంది, అందులో 300 అని కొట్టొచ్చు, 10% అని కూడా కొట్టొచ్చు. అయితే ఇది ఆ వస్తువులోని వేరియేషన్లన్నిటికీ పడుతుంది, టేకువాటికి మాత్రమే అనడం కుదరదు. పైగా కొట్టగానే సేవ్ అయిపోతుంది, వెనక్కి తీసుకునే బటన్ లేదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి 10% కొట్టాను, పేజీ కదలకపోతే పట్టలేదేమో అనుకుని మళ్లీ కొట్టాను. రెండూ పట్టాయి. ధరలు 20 కాదు, 21 శాతం పెరిగాయి. ఆ టెన్షన్‌లో 21 శాతం తగ్గించేశాను. 121లో 21 శాతం తీస్తే వంద రాదు, 95.59 వస్తుంది. అసలు తగ్గించాల్సింది దాదాపు 17.36 శాతం. ఇంకా విడ్డూరం, ఆఫర్ ధరలు వేరే గడిలో ఉంటాయి కాబట్టి అవి ఈ గందరగోళంలో కదల్లేదు. నేను తగ్గించేదాకా ఒక పూటంతా నా దుకాణం ఉన్నదానికంటే పెద్ద తగ్గింపు ఇస్తున్నట్టు కనపడింది.

అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి. ప్రొడక్ట్స్‌ను సీఎస్‌వీగా (స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే పట్టిక ఫైలుగా) ఎక్స్‌పోర్ట్ చేస్తాను, ఆ ఫైలును ముట్టుకోకుండా ఒక కాపీ దాచుకుంటాను, రెగ్యులర్ ధర కాలమ్‌ను నా పట్టికలోంచి నింపి, ఉన్న వస్తువులను అప్‌డేట్ చెయ్యి అన్న టిక్‌తో ఇంపోర్ట్ చేస్తాను. ఆ టిక్ పెడితే ఐడీ లేదా ఎస్‌కేయూ (వస్తువుకు మనం ఇచ్చుకునే కోడ్) చూసి జత చేస్తుంది. ధరలను గుండ్రం చేయాలంటే కూడా స్ప్రెడ్‌షీట్‌లోనే, అదీ చివరి మెట్టులోనే చేయండి. మధ్యలో గుండ్రం చేస్తే ఆ చిల్లర మీద శాతం పడుతుంది.

షాపిఫైలోనూ ఇదే పట్టిక, ఇదే సీఎస్‌వీ దారి పనికొస్తుంది. అక్కడ ఒక వస్తువుకు మూడు ఆప్షన్లే ఇస్తారు, మన బల్లకు సరిగ్గా సరిపోయాయి.

శాతం లేని చోట

ఓపెన్‌కార్ట్‌లో కూడిక, తీసివేతే ఉన్నాయి కదా, టేకుకు 40 శాతం ఎలా? టేకు అంటే 1600 అని రాస్తే చిన్న బల్లకు సరిపోతుంది, పెద్దదాని మీద 1200 తక్కువ తీసుకుంటారు. దీనికి చిట్కా: ఒకదాని మీద ఒకటి ఆధారపడే రెండు లక్షణాలను కలిపి ఒకే ఆప్షన్ చేయండి. చిన్నది మామూలు 0, చిన్నది టేకు 1600, మధ్యది మామూలు 1500, మధ్యది టేకు 3700, పెద్దది మామూలు 3000, పెద్దది టేకు 5800. పాలిష్ వేరే ఆప్షన్‌గానే ఉంటుంది, ఎందుకంటే 300 అన్నిటికీ ఒకటే.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఓపెన్‌కార్ట్‌లో స్పెషల్ ధర పెడితే అది మూల ధరకే వర్తిస్తుంది, ఆప్షన్‌కు రాసిన అంకె దాని మీద యథాతథంగా కలుస్తుంది. 4000ను 3600 చేసి పది శాతం తగ్గింపు అని బ్యానర్ కట్టారనుకోండి. పెద్ద టేకు బల్ల 9800 నుంచి 9400కే దిగుతుంది, అంటే నాలుగు శాతం. కొనేవాళ్లు లెక్క వేస్తారు, మెయిల్ కూడా పెడతారు.

మార్కప్ ఎంత ఉండాలి?

ముందు ఒక మాట: వ్యాపార లెక్కల్లో మార్కప్ అంటే లాభం ఖర్చులో ఎంత శాతమో, మార్జిన్ అంటే అదే లాభం అమ్మిన ధరలో ఎంత శాతమో, రెండూ ఒకటి కాదు. చిన్న బల్లకు టేకు వాడితే మీకు ఖర్చు 1200 ఎక్కువవుతుంది, మీరు తీసుకునేది 1600. మిగిలేది 400. అది ఖర్చు మీద 33 శాతం మార్కప్, అమ్మిన ధర మీద 25 శాతం మార్జిన్. ఇప్పుడు దుకాణం మొత్తానికి తుది ధరల మీద 30 శాతం సేల్ పెట్టారనుకోండి, ఆ 1600 కాస్తా 1120 అవుతుంది. టేకు అడిగిన ప్రతివాళ్లకూ మీరే 80 ఎదురు ఇస్తున్నారన్నమాట. మామూలు బల్ల మీద లాభమే కనపడుతుంది కాబట్టి ఇది తొందరగా బయటపడదు. సేల్‌లో ఎంతవరకూ తగ్గించగలరో ముందే అనుకుని, ఆ తగ్గింపు తర్వాత కూడా ఖర్చు మిగిలేలా మార్కప్ పెట్టండి.

ఈ వారం పని

మన బల్లకు పేరు చెక్కించే సదుపాయం కలపండి, ఏ బల్లకైనా 250. దీన్ని నాలుగో లక్షణంగా పెడితే 24 వేరియేషన్లు 48 అవుతాయి. పెట్టాలా, వద్దా? చెక్కిన బల్లలకు విడిగా స్టాక్ ఉంటుందా అని ఒకసారి అడిగి చూసుకోండి. జవాబు, యాడ్-ఆన్ ఆప్షన్లు ఆరో పాఠంలో.