ష్రింప్ అండ్ గ్రిట్స్ ఇంట్లో వండడం ఎలా?

ష్రింప్ అంటే రొయ్యలు, గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ. ఈ వంటకంలో రొయ్యలు పొయ్యి మీద ఉండేది నాలుగైదు నిమిషాలే. మొక్కజొన్న రవ్వ మాత్రం దాదాపు గంటసేపు ఉడకాలి. చాలామంది శ్రద్ధంతా రొయ్యల మీద పెట్టి, రవ్వ పనిని ఐదు నిమిషాల్లో ఉడికే పొట్లంతో ముగించేస్తారు. అప్పుడు పళ్లెంలో మిగిలేది చప్పటి జావ, దాని మీద రొయ్యల కూర. రవ్వకు కావలసినంత సమయం ఇచ్చి చూడండి. ఇంత తక్కువ మసాలాలతో ఇంత రుచి ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోతారు.

అమెరికా ఆగ్నేయ తీరంలో, సౌత్ కరోలినా, జార్జియా రాష్ట్రాల సముద్రం పక్కన ఉన్న పల్లపు నేలను లోకంట్రీ అంటారు. చార్లెస్టన్ అక్కడి ప్రధాన నగరం. సముద్రపు పోటుతో నిండి, ఆటుతో తగ్గే ఉప్పుటేర్లు ఆ తీరమంతా అల్లుకుని ఉంటాయి. వాటి నిండా రొయ్యలు. మొక్కజొన్నను విసిరి వండుకోవడం మస్కోగీ వంటి మూలవాసీ జాతుల నుంచి వచ్చిన అలవాటు. వరి సాగులో ఆరితేరిన పశ్చిమాఫ్రికా ప్రజలను బానిసలుగా తెచ్చి ఆ తీరంలోని పొలాల్లో పని చేయించారు. వారి వారసులే ఇప్పటి గల్లా గీచీ ప్రజలు. కూలి లేని ఆ బతుకులో తిండికింద కొలిచి ఇచ్చిన మొక్కజొన్న ఒకటి, విసురు వలలతో తామే పట్టుకున్న రొయ్యలు ఒకటి. ఈ రెండూ ఒక్క గిన్నెలో కలిసింది వారి వంటింట్లోనే అంటారు.

చార్లెస్టన్ ఇళ్లలో ఇది చాలాకాలం రొయ్యల కాలపు ఉదయపు ఫలహారంగానే ఉండిపోయింది. 1980లలో నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో, క్రూక్స్ కార్నర్ అనే రెస్టారెంట్‌లో షెఫ్ బిల్ నీల్ దీన్ని రాత్రి భోజనానికి వడ్డించారు. 1985లో న్యూయార్క్ టైమ్స్‌లో వంటల రచయిత క్రెయిగ్ క్లెయిబోర్న్ దాని గురించి రాశాక దేశమంతా పాకింది. బిల్ నీల్ పేరు వినిపించినంతగా గల్లా వంటగత్తెల పేర్లు వినిపించవు. ఇది వండేవారికి వారి సంగతి కూడా తెలిసి ఉండాలని నా కోరిక. అందుకే ఇక్కడ నేను చెప్పబోయేది రెస్టారెంట్ పద్ధతి కాదు. ఆ తీరంలో ఇళ్లలో చేసుకునే, రొయ్యల పెంకుల రసంతో గోధుమరంగు గ్రేవీ వచ్చే పద్ధతి.

రవ్వ సంగతి

దుకాణంలో గ్రిట్స్ మూడు రకాలుగా దొరుకుతాయి. వేడినీళ్లు పోస్తే చాలు అనే ఇన్‌స్టంట్ రకం, ఐదు నిమిషాల్లో ఉడికే క్విక్ రకం, రాతి తిరగలిలో విసిరిన స్టోన్ గ్రౌండ్ రకం. ఈ వంటకు మూడోదే కావాలి. మొదటిదాన్ని వద్దనే చెబుతాను. క్విక్ రకం అత్యవసరానికి సరే.

తేడా గింజలోని మొలకలో ఉంది. గింజలో నూనె, వాసన, తీపి ఎక్కువగా ఉండేది అక్కడే. పెద్ద మిల్లుల్లో సరుకు ఎక్కువకాలం నిలవ ఉండాలని ఆ మొలకను తీసేసి ఆడిస్తారు. రాతి తిరగలిలో విసిరినప్పుడు మొలక కూడా రవ్వలో కలిసిపోతుంది. అందుకే స్టోన్ గ్రౌండ్ సంచి విప్పగానే పచ్చి కంకి వాసన వస్తుంది. అదే కారణంగా ఆ నూనె త్వరగా చెడుతుంది కూడా. సంచిని బయట అలమారలో పెట్టకండి, ఫ్రీజర్‌లో దాచండి.

అట్లాంటా, షార్లెట్, రాలీ వైపు ఉన్న తెలుగువారికి ఈ రవ్వ వెతుక్కోవలసిన పని లేదు, మామూలు దుకాణాల్లోనే ఉంటుంది. జార్జియా రాష్ట్రం 2002లో గ్రిట్స్‌ను తన అధికారిక వంటకంగా ప్రకటించుకుంది కూడా. మన దగ్గరైతే పిండిమరలో మొక్కజొన్నలు ముతక రవ్వగా పట్టించి, జల్లెడ పట్టి పిండి తీసేయండి. గింజ ఇడ్లీ రవ్వ కంటే కాస్త పెద్దదిగా ఉండాలి. తెలంగాణలో మక్క గటక వండేవారికి ఈ రవ్వ కొత్తేమీ కాదు. అడుగంటకుండా కలపడం, ఉండకట్టకుండా చూడడం వారి చేతికి అలవాటైన పనే. మన గింజ గట్టిది కాబట్టి రాత్రంతా నానబెట్టడం మాత్రం తప్పనిసరి.

రొయ్యల సంగతి

తలతో, పెంకుతో ఉన్నవే కొనండి. గ్రేవీ రుచి సగం ఆ తలల్లోనే ఉంది. గోదావరి జిల్లాల్లో కిలోకు తూగే రొయ్యల సంఖ్యను కౌంట్ అంటారు. ఆ లెక్కన 40 కౌంట్ దీనికి సరిగ్గా సరిపోతుంది. అమెరికాలో లెక్క పౌనుకు. పెంకు ఉండి తల లేనివైతే 26/30 అని రాసి ఉన్న పొట్లం తీసుకోండి. ఆంధ్ర చెరువుల్లో పెరిగే వనామీ రొయ్యలు అమెరికాకు విస్తారంగా ఎగుమతి అవుతాయి కనుక, అక్కడ మీరు కొన్న పొట్లం మీద భారతదేశం పేరు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. చార్లెస్టన్ వైపు వెళ్లినప్పుడు మాత్రం అక్కడి సముద్రపు రొయ్యలు ఒక్కసారైనా వండి చూడాలి.

గడ్డకట్టిన పొట్లం కొంటే వెనక రాసిన దినుసులు చదవండి. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే వదిలేయండి. అది రొయ్యలో నీటిని పట్టి ఉంచుతుంది. పెనం మీద ఆ నీరంతా బయటికి వచ్చి రొయ్య వేగదు, ఉడుకుతుంది.

నలుగురికి కావలసినవి

రవ్వకు: ముతక మొక్కజొన్న రవ్వ 1 కప్పు, నీళ్లు 4 కప్పులు, పక్కన మరో 2 కప్పుల వేడినీళ్లు, వెన్న 3 టేబుల్ స్పూన్లు, ఉప్పు 1 టీ స్పూను. చెడార్ చీజ్ తురుము అర కప్పు మీ ఇష్టం. మంచి రవ్వ దొరికితే నేను వేయను.

రొయ్యలకు, గ్రేవీకి: తలతో ఉన్న రొయ్యలు 800 గ్రాములు, బేకన్ (ఉప్పు, పొగ పట్టించిన పంది మాంసపు పలచని పట్టీలు) 5, ఉల్లిపాయ 1, పచ్చ క్యాప్సికం సగం, వెల్లుల్లి 3 రెబ్బలు, మైదా ఒకటిన్నర టేబుల్ స్పూన్లు, మిరియాల పొడి అర టీ స్పూను, కారం పావు టీ స్పూను, బిర్యానీ ఆకు 1, నిమ్మరసం 1 టేబుల్ స్పూను, ఉల్లికాడలు, టబాస్కో వంటి మిరప సాస్ కొన్ని చుక్కలు, నూనె కొద్దిగా, తగినంత ఉప్పు.

పంది మాంసం తినని ఇళ్లలో బేకన్ బదులు 2 టేబుల్ స్పూన్ల వెన్న, అర టీ స్పూను స్మోక్డ్ పాప్రికా (పొగ పట్టించిన మిరప పొడి) వాడుకోవచ్చు. బేకన్ కరకర రాదు కానీ పొగ వాసన వస్తుంది, ఈ గ్రేవీకి కావలసింది ముఖ్యంగా అదే.

ముందురోజు రాత్రి

రవ్వను గిన్నెలో వేసి 4 కప్పుల నీళ్లు పోసి ఒకసారి కలపండి. ఒక నిమిషం ఆగితే రవ్వ అడుగుకు దిగి, పొట్టు పైకి తేలుతుంది. టీ వడకట్టే జల్లెడతో ఆ పొట్టు తీసేయండి. ఇది వదిలేస్తే ఎంత ఉడికించినా నాలుకకు తగులుతూనే ఉంటుంది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

1. పెంకుల రసం

రొయ్యలు ఒలిచి, వీపు మీద చీల్చి నల్లటి నరం తీసేయండి. కడిగాక పొడి గుడ్డతో అద్ది ఫ్రిజ్‌లో పెట్టండి. తడి మిగలకూడదు. పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించాలని చేయి లాగుతుంది, ఈసారికి ఆపుకోండి. ఆ వాసనల ముందు మొక్కజొన్న తీపి నిలవదు.

తలలు, పెంకులను ఒక చెంచా నూనెలో ఎర్రబడేదాకా వేయించండి. గరిటెతో తలలను గట్టిగా నొక్కితే లోపలి నారింజరంగు కొవ్వు నూనెలోకి దిగుతుంది. 3 కప్పుల నీళ్లు, బిర్యానీ ఆకు వేసి 20 నిమిషాలు సన్నగా మరగనిచ్చి వడకట్టండి. సుమారు 2 కప్పుల రసం రావాలి.

2. రవ్వ ఉడికించడం

నానిన రవ్వను ఆ నీళ్లతోనే మందపాటి గిన్నెలోకి వంచి మధ్యస్థ మంట మీద పెట్టండి. మొదటి పది నిమిషాలు పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. చెక్క గరిటెతో అడుగు తాకేలా కలుపుతూనే ఉండాలి. ముందు రవ్వ గరగరమంటూ అడుగున తిరుగుతుంది, నీళ్లు పైన పలచగా ఉంటాయి. ఉన్నట్టుండి ఒక క్షణంలో అంతా ఒకటై చిక్కబడుతుంది. గింజ ఇక అడుగుకు దిగదు. అప్పుడు మంట పూర్తిగా తగ్గించి, మూత కాస్త వారగా పెట్టండి.

ఇక్కడి నుంచి 40 నుంచి 50 నిమిషాలు. నాలుగైదు నిమిషాలకొకసారి వచ్చి కలపండి. బిగిసినట్టు అనిపించినప్పుడల్లా పావు కప్పు వేడినీళ్లు పోయండి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. సగం ఉడికాక ఉప్పు వేయండి. ముందే వేస్తే నీరు ఇగిరేకొద్దీ ఉప్పు ఎంత తేలుతుందో అంచనా దొరకదు.

అయిందో లేదో గడియారం చెప్పదు. కొంచెం తీసి చల్లార్చి నాలుకకు, అంగిలికి మధ్య నొక్కి చూడండి. గింజ మధ్యలో పలుకు తగలకూడదు. పచ్చి పిండి వాసన పోయి, ఉడకబెట్టిన కంకి వాసన రావాలి. గరిటె ఎత్తితే రవ్వ బద్ధకంగా జారాలి, ముద్దగా నిలబడకూడదు. వెన్న కలిపి మూతపెట్టండి. చీజ్ వేసేవారు పొయ్యి కట్టేశాకే వేయాలి. చల్లారేకొద్దీ బిగుస్తుంది కనుక మీకు కావలసిన దానికంటే కాస్త పలచగానే ఉంచండి.

కుక్కర్‌లో చేయవచ్చా అంటే, రవ్వ గిన్నెను కుక్కర్‌లో నీళ్ల మీద పెట్టి వండితే మెత్తబడుతుంది, మాడదు. కానీ తీశాక పది నిమిషాలు పొయ్యి మీద కలిపితేనే ఆ నునుపు వస్తుంది. కదుపుతుంటేనే గింజలోని పిండి నీళ్లలోకి వచ్చి పాలలా చిక్కబడుతుంది.

3. రొయ్యలు, గ్రేవీ

రవ్వ ఇంకో 20 నిమిషాల్లో అవుతుందనగా ఇది మొదలుపెట్టండి. ఇనుప బాణలిలో బేకన్ చిన్న ముక్కలు వేసి సన్నని మంట మీద కొవ్వంతా కరిగేదాకా వేయించి, కరకరలాడే ముక్కలను పక్కకు తీయండి. రెండు టేబుల్ స్పూన్ల కొవ్వు బాణలిలో ఉంచి మిగతాది తీసేయండి.

రొయ్యలకు చిటికెడు ఉప్పు, మిరియాల పొడి, కారం అద్దండి. మంట పెంచి, బాణలి బాగా వేడెక్కాక ఒకదాని మీద ఒకటి పడకుండా రెండు విడతలుగా వేయండి. ఒక్కో వైపు ఒక్క నిమిషం. మధ్యలో కాస్త పచ్చిగా ఉన్నప్పుడే తీసేయాలి. రొయ్య కొడవలిలా వంగితే చాలు. గుండ్రంగా చుట్టుకుపోయిందంటే సాగుతుంది, ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు. మనం ఇగురు చేసేటప్పుడు నీరంతా పోయేదాకా వేయించే అలవాటు ఇక్కడ పనికిరాదు.

అదే బాణలిలో ఉల్లిపాయ, క్యాప్సికం తరుగు వేసి మెత్తబడనిచ్చి, వెల్లుల్లి వేయండి. మంట తగ్గించి మైదా చల్లి నాలుగైదు నిమిషాలు కలుపుతూ వేయించండి. పచ్చివాసన పోయి, వేయించిన వేరుశనగ రంగు రావాలి. పాప్రికా వాడేవారు ఇప్పుడు వేయాలి. ఆ తర్వాత వేడి రసం ఒకటిన్నర కప్పులు మూడు విడతలుగా పోస్తూ కలిపితే ఉండకట్టదు. ఏడెనిమిది నిమిషాలు సన్నగా మరిగాక గరిటె వెనక పూతలా నిలుస్తుంది. మరీ చిక్కనైతే మిగిలిన రసం పోయండి.

ఇప్పుడు రొయ్యలను, వాటి కింద ఊరిన నీటితో సహా గ్రేవీలో వేసి ఒక్క నిమిషం ఉంచి పొయ్యి కట్టేయండి. నిమ్మరసం, మిరప సాస్ కలిపి ఉప్పు చూడండి. బేకన్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి గ్రేవీలో ముందే వేయకపోవడం మంచిది.

4. వడ్డన

లోతైన పళ్లేలను వేడినీళ్లతో కడిగి తుడవండి. చల్లటి పళ్లెంలో రవ్వ వెంటనే బిగుస్తుంది. రవ్వ వేసి మధ్యలో గుంట చేసి, అందులో ఎనిమిదేసి రొయ్యలు, గ్రేవీ పోయండి. పైన బేకన్ ముక్కలు, ఉల్లికాడల తరుగు. కలపకుండా, ప్రతి చెంచాలో అడుగున రవ్వ, పైన గ్రేవీ వచ్చేలా తినాలి.

బిల్ నీల్ పద్ధతి కావాలంటే మైదా, రసం రెండూ మానేసి, బేకన్ కొవ్వులో పుట్టగొడుగులు, రొయ్యలు, ఉల్లికాడలు, వెల్లుల్లి గబగబా వేయించి నిమ్మరసం పిండండి. దాని కింద చీజ్ కలిపిన రవ్వే బాగుంటుంది, ఎందుకంటే గ్రేవీ లేని లోటు చీజ్ తీరుస్తుంది. వంట త్వరగా అవుతుంది, అతిథులకు పళ్లెం అందంగా కనిపిస్తుంది. నా ఓటు మాత్రం పెంకుల రసానికే.

మిగిలిన రవ్వను చదునైన గిన్నెలో అంగుళం మందాన పరిచి ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి గట్టిపడుతుంది. ముక్కలుగా కోసి, కొద్దిగా పొడి పిండి అద్ది, వెన్నలో రెండు వైపులా ఎర్రగా కాల్చండి. తొందరపడి తిప్పితే పెనానికి అంటుకుంటుంది. అంచులు బంగారు రంగుకు వచ్చి ముక్క తనంతట తానే కదిలినప్పుడు తిప్పండి. గ్రేవీ మిగిలితే పక్కన వేసుకోండి, మిగలకపోతే గుడ్డు అట్టు చాలు.