క్రెష్‌లో డబ్బు కట్టే ముందు

జూన్ దగ్గరపడింది. ఉద్యోగం కోసం నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు కాపురం మారుస్తున్న తల్లిదండ్రులారా, అక్కడ అమ్మమ్మ, నానమ్మ తోడుండరు. పసిపిల్లలను పగటిపూట చూసుకునే క్రెష్‌లో బిడ్డను చేర్చే ముందు ఇవి తప్పక చూడండి.

- చెప్పకుండా మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. వాళ్లు రమ్మన్న వేళకు అన్నీ సర్దే ఉంటాయి. నేను అలా వెళ్లినచోట పన్నెండు మంది పిల్లలకు ఒక్కరే ఆయమ్మ. నిద్రపోతున్న పసిపాప చెంప మీద పాలు ఎండి చారకట్టాయి. ఆ గది ఇప్పటికీ కళ్లముందు నుంచి పోలేదు. మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే వెంటనే తిరిగి వచ్చేయండి.

- బిడ్డను ఎవరికి అప్పగించాలో ఫొటోలతో సహా రాసివ్వండి. ‘బాబాయిని’ అనగానే పంపేచోట ఒక్క పూట కూడా ఉంచకండి.

- అనుమతి పత్రంలోని చిరునామా, తేదీ చదవండి. పత్రం ఆ క్రెష్ ఒక బ్రాంచిది, పిల్లలుండేది మరో బ్రాంచిలో కావచ్చు.

- ఏడాది ఫీజు ఒకేసారి కట్టవద్దు. బిడ్డ వారంలోనే మానేస్తే ఎంత తిరిగిస్తారో ముందే రాయించుకోండి. ఆలస్య రుసుమూ అడగండి. ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో అరగంట ఇట్టే పోతుంది.

- ముందు మీ ఆఫీసులో అడగండి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ వసతి కల్పించాలని 2017 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ చెప్పింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ఇది దయ కాదు, హక్కు.

- అంగన్‌వాడీ ఉచితమే, కానీ ఆఫీసు వేళలకు సరిపోదు.