తోటలో దొరికింది రాణి చీమేనా? అనుమానం, కారణం, తేల్చుకునే పద్ధతి

వాన వెలిశాక తోటలో మామూలు కంటే లావుగా ఉన్న చీమ ఒంటరిగా తిరుగుతుంటే ఎవరికైనా "రాణి చీమ" అనే అనిపిస్తుంది. చాలాసార్లు అది రాణి కాదు. సైజు చూసి మోసపోవడమే ఇందులో అసలు చిక్కు. చూడాల్సింది వక్షం, అంటే తలకీ సన్నటి నడుముకీ మధ్య కాళ్ళు పుట్టే భాగం.

ముందు చీమను ఒక కాగితం ముక్క మీదికి ఎక్కించి, గాజు సీసాలోకో పారదర్శకమైన డబ్బాలోకో దించండి. వేళ్ళతో పట్టుకోవద్దు, కొన్ని గట్టిగా కుడతాయి. కుదురుగా ఉండకపోతే డబ్బాను కొద్ది నిమిషాలు ఫ్రిజ్‌లో (ఫ్రీజర్‌లో కాదు) ఉంచితే నెమ్మదిస్తుంది. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో తీయండి. రెండింట్లో పక్క ఫోటోయే ఎక్కువ పనికొస్తుంది.

సమస్య: చీమ చాలా పెద్దది, తల ఇంకా పెద్దది

ఇది దాదాపు ఎప్పుడూ పెద్ద తల పని చీమే. గండుచీమల్లాంటి కొన్ని జాతుల్లో పని చీమలే రెండు మూడు సైజుల్లో పుడతాయి. పెద్దవాటికి దవడ కండరాలు ఎక్కువ కాబట్టి తల ఉబ్బినట్టుంటుంది. గట్టి గింజలు పగలగొట్టడం, పుట్టకు కాపలా కాయడం వాటి పని.

తేల్చేది వక్షమే. రాణి ఒకప్పుడు ఎగిరిన చీమ. రెక్కలు ఆడించడానికి కావలసిన కండరాలన్నీ వక్షంలోనే ఉండాలి కాబట్టి అది ఎత్తుగా, గుండ్రంగా, వేర్వేరు పలకలు అతికినట్టు కనిపిస్తుంది. పై నుంచి చూస్తే చాలా జాతుల్లో తల వెడల్పుకు దగ్గరగా ఉంటుంది. పని చీమ ఎన్నడూ ఎగరదు, దాని వక్షం తల కంటే బాగా సన్నం. తల పెద్దదై వక్షం సన్నగా ఉంటే పని చీమ, వక్షమే బలంగా ఉంటే రాణి. నుదుటి పైన మూడు చిన్న చుక్కల్లాంటి కళ్ళు కూడా రాణికి ఉంటాయి. అయితే కొన్ని జాతుల పని చీమలకూ ఉంటాయి కనుక ఆ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి.

సమస్య: చిన్న చీమే, కానీ ఆకారం తేడాగా ఉంది

రాణి సైజు జాతిని బట్టి మారుతుంది. ఇళ్ళలో దూరే ఫారో చీమ రాణి 4 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. గండుచీమల్లో పెద్ద పని చీమే 10 మిల్లీమీటర్లు దాటుతుంది. కాబట్టి పోల్చాల్సింది అదే జాతి పని చీమతో. వక్షం పక్కల, రెక్కలు ఊడిన చోట చిన్న మచ్చలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. జత కట్టాక రాణి తన రెక్కల్ని తానే విరుచుకుంటుంది, ఆ మచ్చలు జీవితాంతం పోవు.

సమస్య: రెక్కలున్నాయి, చీమో కాదో తెలియట్లేదు

మూడు అవకాశాలు. మొదటిది ఉసిళ్ళు, అంటే రెక్కల చెదలు. వాటి నడుము సన్నగా ఉండదు, మీసాలు పూసల దండలా తిన్నగా ఉంటాయి, నాలుగు రెక్కలూ ఒకే పొడవు. చీమకు నడుము నొక్కినట్టుంటుంది, మీసాలు మోచేయిలా వంగుతాయి, ముందు రెక్కలు వెనక వాటికంటే పెద్దవి. ఉసిళ్ళు ఇంటి గోడ లోంచే వస్తుంటే చీమల సంగతి పక్కనపెట్టి చెదల మందు సంగతి చూడాలి.

రెండోది మగ చీమ: తల చిన్నది, కళ్ళు పెద్దవి, ఒళ్ళు సన్నం, చూపుకు చిన్న కందిరీగలా ఉంటుంది. జత కట్టాక ఎక్కువ కాలం బతకదు. పొట్టా వక్షమూ బలంగా, తల మామూలుగా ఉంటే మూడోది, రాణి.

సమస్య: ఒంటి నిండా నూగు, ఎర్రటి లేదా నారింజ రంగు

వదిలేయండి. వెల్వెట్ చీమ అని పిలిచేది చీమే కాదు, రెక్కల్లేని ఆడ కందిరీగ. కుడితే బాగా నొప్పి. చీమలా వేషం వేసే సాలీళ్ళూ ఉన్నాయి, అవి ముందు కాళ్ళను ఎత్తి మీసాల్లా ఆడిస్తాయి. కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది.

సమస్య: రాణే, కానీ రెక్కలు ఊడలేదు. జత కట్టిందా?

రెక్కలు చూసి ఇది చెప్పలేం. కొన్ని రాణులు జత కట్టాక కూడా కొన్ని రోజులు రెక్కలతో ఉంటాయి. జత కట్టకుండానే రెక్కలు వదిలేసేవీ ఉన్నాయి. గుడ్లు పెట్టినా రుజువు కాదు. చీమల్లో ఫలదీకరణ జరగని గుడ్ల నుంచి మగవే పుడతాయి. మొదటి విడతలోనే పని చీమలు వస్తే జత కట్టినట్టు, మగ చీమలే వస్తే కట్టనట్టు. జత కట్టిన రాణి ఆ వీర్యాన్ని ఏళ్ళ తరబడి దాచుకుని వాడుకుంటుంది. నల్ల తోట చీమ రాణి ఒకటి మనుషుల సంరక్షణలో 28 ఏళ్ళకు పైగా బతికింది.

సమస్య: పెంచుదామని రాణిని టెస్ట్‌ట్యూబ్‌లో పెడితే గుడ్లు పెట్టట్లేదు, పెట్టినవీ తినేస్తోంది

నూటికి తొంభై మంది దగ్గర కారణం ఒకటేనని నా అనుమానం: రోజుకు నాలుగుసార్లు తీసి చూడటం. వెలుగు, కుదుపు రెండూ రాణికి టెన్షన్. ట్యూబులో మూడో వంతు నీళ్ళు పోసి, నీటిని తాకేలా దూది బిగించి, రాణిని వదిలి, రెండో కొసను పొడి దూదితో మూయండి. ముదురు కాగితం చుట్టి, కదలని చోట ఉంచి, వారానికోసారి చూడండి. చాలా జాతుల రాణులు ఈ దశలో ఏమీ తినవు. ఇక పనికిరాని రెక్కల కండరాలనే కరిగించుకుని పిల్లల్ని పెంచుతాయి. వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి పని చీమ రావడానికి సుమారు నెల నుంచి రెండు నెలలు పడుతుంది.

సన్నటి పొడవాటి ఒళ్ళు, కుట్టే ముల్లు ఉన్న కొన్ని వేట చీమల రాణులు మాత్రం బయట తిరిగి తిండి తెచ్చుకుంటాయి. వాటికి చిన్న పురుగు ముక్క, చక్కెర నీటి చుక్క ఇవ్వాలి, లేకపోతే చచ్చిపోతాయి. ఇంకొన్ని రాణులు వేరే జాతి పుట్టలోకి చొరబడి అక్కడి పని చీమల చేత తమ పిల్లల్ని పెంచుకుంటాయి. అలాంటిది ట్యూబులో ఎన్నాళ్ళున్నా పిల్లల్ని పెంచలేదు. అది కనిపించిన చోటే వదిలేయడం నయం.

సమస్య: తోట నిండా రాణులే, ఇల్లంతా చీమలవుతుందా?

అవదు. వెచ్చటి, తేమగా ఉన్న రోజుల్లో చుట్టుపక్కల పుట్టలన్నీ ఒకేసారి రాణుల్ని, మగవాటిని ఎగరేస్తాయి. వాటిలో చాలా భాగం పక్షులు, సాలీళ్ళు, వేరే చీమల పాలవుతాయి. ముసలి రాణి మాత్రం సాధారణంగా పుట్ట దాటి రాదు. తోటలో ఒంటరిగా కనిపించేది కొత్త రాణే, కాబట్టి దాన్ని చంపినంత మాత్రాన ఉన్న పుట్టకు ఏమీ కాదు. ఇంట్లోకి వచ్చే ఫారో చీమల్లాంటి వాటి మీద స్ప్రే కొట్టడం ఇంకా చెడ్డ పని. వాటి గూట్లో రాణులు చాలా ఉంటాయి, కదిలిస్తే గూడు ముక్కలై నాలుగు చోట్ల కొత్త గూళ్ళు పడతాయి. వాటికి తిని మోసుకెళ్ళే మందు, అంటే బెయిట్, ఓపిగ్గా పెట్టాలి.