ఉప్పుగాలి, ఇంటి సర్వర్
విశాఖలో ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు ఉంటూ ఇంటిల్లిపాది ఫొటోల కోసం రాస్‌ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) సర్వర్ పెట్టుకున్నవాళ్లు దాన్ని సముద్రం వైపు కిటికీ దగ్గర ఉంచకండి. ఉప్పుగాలికి పిన్నుల మీద, యూఎస్‌బీ పోర్టుల్లో పచ్చటి చిలుము పడుతుంది. పడితే ప్లగ్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, పూర్తిగా ఆరాకే కరెంటివ్వండి. అలాగని గాలాడని డబ్బాలో బిగించేయకండి. చిప్ వేడి 80 డిగ్రీలు దాటితే అదే వేగం తగ్గించేసుకుంటుంది.

కరెంటు ఠక్కున పోతే మెమరీ కార్డు పాడయ్యే టెన్షన్ ఉండనే ఉంది. ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ మోడ్‌లో (కరెంటు పోగానే క్షణంలో బ్యాటరీకి మారేలా) పెట్టి, ఆ లైనులోని ప్లగ్గే వాడండి. స్విచ్ మీద టేపు కూడా అంటించండి. ఎంత చెప్పినా అమ్మ ఊడ్చేటప్పుడు ఆపేస్తుంది.