ఎక్స్‌డీపీ ప్రోగ్రామ్‌కు కనెక్షన్ ట్రాకింగ్ జోడించడం: చిన్న ఆపరేటర్ల గేట్‌వే కోసం

దేవరకొండలోనో జడ్చర్లలోనో కొన్ని వందల ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే కేబుల్ ఆపరేటర్ దగ్గర చాలాచోట్ల ఒక లైనక్స్ పెట్టె ఉంటుంది. ఇళ్లన్నిటికీ నాట్ చేసేది, అంటే లోపలి చిరునామాలను పబ్లిక్ చిరునామాగా మార్చేది అదే. పొద్దుగూకినంక ఆ పెట్టె ప్రాసెసర్ నిండిపోతే అందరూ వీడియోలనే తప్పుపడతారు. కానీ బయటి నుంచి ఆగకుండా వచ్చే పోర్ట్ స్కాన్లు (తెరిచి ఉన్న పోర్ట్‌ల కోసం వెతుకులాట), సిన్ వరదలు (కొత్త కనెక్షన్ అడిగే ప్యాకెట్ల ఉప్పెన) కూడా అదే ప్రాసెసర్‌ను తింటాయి. వాటిని నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ దగ్గరే, కెర్నెల్ ఇంకా ఎస్‌కేబఫ్ (ప్యాకెట్‌ను పట్టి ఉంచే కెర్నెల్ స్ట్రక్చర్) కూడా తయారు చేయకముందే పారేయడానికి, మనం రాసిన చిన్న ప్రోగ్రామ్‌ను కెర్నెల్‌లో నడిపే ఎక్స్‌డీపీ ఉంది. ఇది 2016లో, 4.8 కెర్నెల్‌తో వచ్చింది.

చిక్కల్లా ఒకటే. ఎక్స్‌డీపీకి ప్రతి ప్యాకెట్ విడివిడిగా కనిపిస్తుంది. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ లోపలి ఇల్లు అడిగినదానికి జవాబా, ఎవరో ఊరికే విసిరిందా అన్నది దానికి తెలియదు. ఆ సంగతి నెట్‌ఫిల్టర్ (కెర్నెల్‌లోని ఫైర్‌వాల్, నాట్ భాగం) కనెక్షన్ ట్రాకింగ్ పట్టికలో ఉంటుంది. 2022లో వచ్చిన 5.18 కెర్నెల్ నుంచి ఆ పట్టికను ఎక్స్‌డీపీ ప్రోగ్రామ్ నేరుగా చూడవచ్చు. అంతకుముందు కెర్నెల్ అయితే ఎల్‌ఆర్‌యూ హ్యాష్ మ్యాప్‌లో (నిండితే పాత ఎంట్రీలను తానే తీసేసే పట్టికలో) మీ పట్టిక మీరే నడుపుకోవాలి. టైమవుట్లు, టీసీపీ దశలు, నాట్ మార్పులు అన్నీ మళ్లీ రాసుకోవాలి. కెర్నెల్ అప్‌గ్రేడ్ చేసే వీలుంటే ఆ దారి పట్టవద్దు.

ఈ పద్ధతికి మూలసూత్రం: పద్దు కెర్నెల్ రాస్తుంది, ఎక్స్‌డీపీ చదువుతుంది. నాట్ గేట్‌వే మీద పట్టికలో ఎంట్రీ లేని ప్యాకెట్‌ను ఏ ఇంటికి పంపాలో కెర్నెల్‌కు కూడా తెలియదు. కాబట్టి ఎక్స్‌డీపీ పారేసేది ఎలాగూ గమ్యం చేరని ప్యాకెట్‌నే. ఈ సూత్రం ఎక్కడెక్కడ తప్పుతుందో కింద వివరంగా ఉంది, ఎందుకంటే లింక్ పడిపోయేది సరిగ్గా అక్కడే.

ముందు పెట్టెను చూసుకోండి

ఉబుంటు 22.04తో మొదట వచ్చిన 5.15 కెర్నెల్ సరిపోదు. డెబియన్ 12లోని 6.1, ఉబుంటు 24.04లోని 6.8 సరిపోతాయి. కెర్నెల్ బీటీఎఫ్‌తో (టైపులు, ఫంక్షన్ల వివరాల పట్టికతో) కంపైల్ అయి ఉండాలి. కనెక్షన్ ట్రాకింగ్ చేసే ఎన్‌ఎఫ్_కాన్‌ట్రాక్ మాడ్యూల్‌గా ఉంటే మాడ్యూల్ బీటీఎఫ్ కూడా కావాలి. సిస్ డైరెక్టరీలో కెర్నెల్, బీటీఎఫ్ ఫోల్డర్ తెరిచి చూడండి: విఎంలైనక్స్ పక్కన ఎన్‌ఎఫ్_కాన్‌ట్రాక్ పేరుతో ఫైల్ ఉండాలి. లేకపోతే మాడ్యూల్ ఇంకా లోడ్ కాలేదు, లేదా బీటీఎఫ్ లేకుండా కట్టారు. ఆ స్థితిలో ప్రోగ్రామ్ లోడ్ చేస్తే, ఫంక్షన్ కెర్నెల్ బీటీఎఫ్‌లోనూ మాడ్యూళ్ల బీటీఎఫ్‌లోనూ దొరకలేదని లిబ్‌బీపీఎఫ్ (ప్రోగ్రామ్‌ను లోడ్ చేసే లైబ్రరీ) చెప్పి ఆగిపోతుంది.

మాడ్యూల్ లోడ్ అయినంత మాత్రాన ట్రాకింగ్ మొదలు కాదు. నాట్ రూల్ గానీ, కనెక్షన్ స్థితిని చూసే రూల్ గానీ ఒక్కటైనా ఉంటేనే కెర్నెల్ ప్యాకెట్లను పట్టే తన హుక్‌లను తగిలిస్తుంది. పరీక్ష కోసం ఖాళీ పెట్టె మీద ప్రయత్నించేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు: పట్టిక ఖాళీ, లుకప్ (పట్టికలో వెతకడం) ప్రతిసారీ శూన్యం. కాన్‌ట్రాక్ టూల్‌తో జాబితా తీసి ఎంట్రీలు కనిపిస్తున్నాయో లేదో చూశాకే ముందుకు పోండి.

కార్డు సంగతి. ఇంటెల్ ఐజీబీ, ఐఎక్స్‌జీబీఈ డ్రైవర్లలో నేటివ్ ఎక్స్‌డీపీ (డ్రైవర్‌లోనే నడిచేది) ఉంది. చవక బోర్డుల మీద ఉండే రియల్‌టెక్ ఆర్8169 డ్రైవర్‌లో లేదు. అక్కడ జెనరిక్ మోడ్‌లో నడుస్తుంది గానీ ఎస్‌కేబఫ్ తయారయ్యాకే నడుస్తుంది కాబట్టి ఆశించిన లాభం రాదు.

లుకప్ ఎట్లా రాయాలి

పిలవాల్సిన ఫంక్షన్ బీపీఎఫ్_ఎక్స్‌డీపీ_సీటీ_లుకప్. దొరికిన ఎంట్రీని వదిలేది బీపీఎఫ్_సీటీ_రిలీజ్. రెండింటినీ ఎక్స్‌టర్న్‌గా, కేసిమ్ (ఇది కెర్నెల్‌లోని పేరు అని చెప్పే) గుర్తుతో ప్రకటించండి. ప్రోగ్రామ్ లైసెన్స్ జీపీఎల్ అని రాయకపోతే వెరిఫయర్ (లోడ్ చేసేటప్పుడు ప్రోగ్రామ్‌ను తనిఖీ చేసే భాగం) కెర్నెల్ ఫంక్షన్లను పిలవనివ్వదు. బీపీఎఫ్_సీటీ_ఆప్ట్స్ స్ట్రక్చర్ మాడ్యూల్‌లో ఉండి మీ హెడర్‌లో దొరకకపోవచ్చు. అప్పుడు పేరు చివర మూడు అండర్‌స్కోర్లు, లోకల్ అనే మాట చేర్చి మీరే నిర్వచించుకోండి.

లుకప్‌కు రెండు వస్తువులు ఇవ్వాలి. ఒకటి టపుల్: ఐపీవీ4 అయితే 12 బైట్లు, ఐపీవీ6 అయితే 36. సోర్స్ చిరునామా, డెస్టినేషన్ చిరునామా, సోర్స్ పోర్ట్, డెస్టినేషన్ పోర్ట్ ఆ వరుసలోనే, ప్యాకెట్‌లో ఉన్న బైట్ క్రమంలోనే పెట్టండి. పోర్ట్‌లను హోస్ట్ క్రమానికి తిప్పితే ఏ లోపమూ కనిపించదు, ఎంట్రీ మాత్రం ఎన్నడూ దొరకదు. నాట్ గురించి బెంగ అక్కర్లేదు. జవాబు దిశ టపుల్‌ను కెర్నెల్ తీగ మీద కనిపించే పబ్లిక్ చిరునామాతోనే దాచుకుంటుంది, కాబట్టి వచ్చిన ప్యాకెట్‌ను ఉన్నదున్నట్టు అడిగితే చాలు.

రెండోది ఆప్ట్స్ (లుకప్ ఎంపికలు), 12 బైట్లు. మొదట మొత్తం సున్నా చేయండి. తర్వాత నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ఐడీకి మైనస్ 1 రాయండి, అంటే ప్రస్తుతమున్నదే అని. ఎల్4 ప్రోటోకాల్‌కు టీసీపీ అయితే 6, యూడీపీ అయితే 17. రిజర్వ్‌డ్ బైట్లలో చెత్త మిగిలితే లుకప్ చెడిపోతుంది. కొత్త కెర్నెళ్లు 16 బైట్ల ఆప్ట్స్‌ను కూడా ఒప్పుకుంటాయి, అయినా 12 అన్నిటిలోనూ చెల్లుతుంది.

ఫలితం శూన్యమైతే వెంటనే ప్యాకెట్ పారేయకండి. ముందు ఆప్ట్స్‌లోని ఎర్రర్ అంకె చూడండి. మైనస్ 2 అంటేనే ఎంట్రీ లేదని అర్థం. మైనస్ 22 అయితే మీరిచ్చిన ఆప్ట్స్ తప్పు, మైనస్ 97 అయితే టపుల్ సైజు తప్పు, మైనస్ 71 అయితే ప్రోటోకాల్ టీసీపీ, యూడీపీ రెండూ కాదు. మైనస్ 2 తప్ప ఏది వచ్చినా ప్యాకెట్‌ను పైకి, అంటే కెర్నెల్‌కు, పంపి, కౌంటర్ పెంచండి. మీ కోడ్‌లో తప్పుంటే దానికి ఊరంతా ఇంటర్నెట్ పోగొట్టుకోకూడదు.

ఎంట్రీ దొరికితే ప్రతి దారిలోనూ రిలీజ్ పిలవాలి. ఒక్క దారిలో మరిచినా రెఫరెన్స్ విడుదల కాలేదని వెరిఫయర్ లోడ్ దగ్గరే ఆపేస్తుంది. కావలసింది ఎంట్రీ ఉందా లేదా అన్నంతవరకే అయితే దొరికిన మరుక్షణం రిలీజ్ చేసి, తర్వాత నిర్ణయం తీసుకోండి. కోడ్ సులువవుతుంది.

ఏది పారేయాలి, ఏది వదలాలి

లుకప్ ఉచితం కాదు. హ్యాష్ లెక్క, రెఫరెన్స్ కౌంటు రెండూ ఉంటాయి. అందుకే చవక తనిఖీ ముందు పెట్టండి. టీసీపీలో సిన్ గుర్తు ఉండి ఆక్ గుర్తు లేని ప్యాకెట్ బయటి నుంచి వస్తే అది కొత్త కనెక్షన్. డెస్టినేషన్ పోర్ట్ మీ అనుమతి మ్యాప్‌లో (బయటి నుంచి రానిచ్చే పోర్ట్‌ల జాబితాలో) లేకపోతే లుకప్ లేకుండానే పారేయవచ్చు. సిన్ వరదలో ప్రాసెసర్‌ను కాపాడేది ఈ ఒక్క తనిఖీయే. మిగిలిన టీసీపీ, యూడీపీలకు లుకప్ చేయండి. ఎంట్రీ లేక, అనుమతి మ్యాప్‌లోనూ లేకపోతే పారేయండి.

అనుమతి మ్యాప్ ఎందుకంటే, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లాంటి చోట యజమాని ఎక్కడినుంచో సీసీటీవీ చూసుకుంటారు. దానికి పోర్ట్ ఫార్వర్డ్ ఉంటుంది, ఉదాహరణకు ఆర్‌టీఎస్‌పీ 554. మొదటి సిన్‌ను వదిలితే ఎంట్రీ కెర్నెల్ పెడుతుంది, తర్వాతివి లుకప్‌లోనే దొరుకుతాయి. నాట్ లేకుండా స్టాటిక్ పబ్లిక్ ఐపీ తీసుకున్న కస్టమర్ ఉంటే ఆ చిరునామాను మొత్తంగా మినహాయించండి. వాళ్లకు బయటి నుంచి వచ్చే కొత్త కనెక్షన్ వాళ్ల హక్కు.

ఇక సూత్రం తప్పే చోట్లు.

ఏఆర్‌పీ (ఐపీ చిరునామాకు కార్డు చిరునామా వెతికే) ఫ్రేములను, పీపీపీఓఈ (లాగిన్‌తో నడిచే లింక్) డిస్కవరీని, ఐపీ కాని ప్రతిదాన్నీ పైకి వదిలేయాలి. ఏఆర్‌పీ ఆగితే లింక్ అప్పటికి నడిచినట్టే ఉండి కొద్దిసేపటికి చచ్చిపోతుంది.

ఐసీఎంపీని (పింగ్, లోపాల సందేశాలు మోసే ప్రోటోకాల్‌ను) ఈ లుకప్ చూడలేదు, కాబట్టి పైకి పంపండి. పారేస్తే పెద్ద నష్టం ఉంది. పీపీపీఓఈ లింక్‌లో ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492. 'ఫ్రాగ్మెంట్ చేయాలి' అని దారి మధ్య రౌటర్ చెప్పే మాట ఐసీఎంపీలోనే వస్తుంది. అది ఆగితే పేజీ తెరుచుకుంటుంది, పెద్ద ఫైల్ మాత్రం మధ్యలో ఆగిపోతుంది. కస్టమర్ 'స్లో ఉంది' అంటాడు, మీరు ఫైబర్ వెతుకుతూ కూర్చుంటారు.

ఫ్రాగ్మెంట్లలో (ప్యాకెట్ ముక్కల్లో) మొదటిది తప్ప మిగతా వాటికి పోర్ట్ ఉండదు. ఎక్స్‌డీపీ వాటిని కలపకముందే చూస్తుంది. అన్నిటినీ పైకి వదలండి.

అప్‌లింక్ చిరునామా డీహెచ్‌సీపీతో వస్తుంటే యూడీపీ 68ను అనుమతి మ్యాప్‌లో తప్పక పెట్టండి. డీహెచ్‌సీపీ క్లయింట్ అభ్యర్థన 'ప్యాకెట్ సాకెట్' (నేరుగా కార్డుకు రాసే సాకెట్) ద్వారా పోవచ్చు. అది నెట్‌ఫిల్టర్‌ను తాకదు కాబట్టి ఎంట్రీ ఉండదు, జవాబు మీ ప్రోగ్రామ్‌లో పడిపోతుంది. పెట్టిన రోజు అంతా బాగుంటుంది, లీజు ముగిశాక ఐపీ పోతుంది.

ఎఫ్‌టీపీ, సిప్ హెల్పర్లు (అనుబంధ కనెక్షన్లను ముందే పసిగట్టే కెర్నెల్ మాడ్యూళ్లు) వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. హెల్పర్ ఎదురుచూసే కనెక్షన్‌కు మొదటి ప్యాకెట్ వచ్చేదాకా ఎంట్రీ ఉండదు. లుకప్ ఆ ఎదురుచూపుల జాబితాను వెతకదు. ఆ పోర్ట్ శ్రేణిని అనుమతించాలి.

తగిలించడం, పరీక్షించడం

అప్‌లింక్ వ్లాన్ ట్యాగ్‌తో వస్తే ప్రోగ్రామ్‌ను అసలు కార్డు మీదే తగిలించి, ట్యాగ్‌ను మీరే దాటించండి. కార్డు ట్యాగ్‌ను ముందే తీసేస్తే అది మీకు కనిపించదు; కనపడాలంటే ఎత్‌టూల్‌తో ఆర్‌ఎక్స్‌వ్లాన్ ఆపేయండి. పీపీపీఓఈ సెషన్ అయితే ఈథర్‌టైప్ 0x8864 తర్వాత 8 బైట్లు దాటితే ఐపీ హెడర్ వస్తుంది, మధ్యలో పీపీపీ ప్రోటోకాల్ 0x0021 అవునో కాదో చూసి.

మొదట ఒక్క ప్యాకెట్ కూడా పారేయకుండా, 'పారేయాల్సింది' అని లెక్క మాత్రం పెట్టేలా నడపండి. పర్-సీపీయూ అర్రేలో సిన్, దొరికినవి, దొరకనివి, ఎర్రర్లు వేర్వేరు గళ్లలో ఉండాలి. కనీసం ఒక రాత్రి రద్దీ, ఒక లీజు కాలం దాటాక లెక్క చూడండి. దొరకనివాటిలో ఏ పోర్ట్‌కైనా లెక్క అదేపనిగా పెరుగుతుంటే అది మీరు మరిచిన సేవే. పారేయడం మొదలుపెట్టాక టీసీపీడంప్‌ను నమ్మకండి. ఎక్స్‌డీపీ పారేసిన ప్యాకెట్ దానికి కనిపించదు, ఎక్స్‌డీపీడంప్ వాడండి.

బూట్ వరుసలో ముందు ఎన్‌ఎఫ్‌టేబుల్స్ (నాట్, ఫైర్‌వాల్) రూళ్లు, తర్వాత ప్రోగ్రామ్. తారుమారైతే పెట్టె స్వయంగా అడిగిన డీఎన్‌ఎస్ జవాబులు కూడా పడిపోతాయి. కరెంటు పోయి పెట్టె తిరిగి లేస్తే పట్టిక ఖాళీగా ఉంటుంది, దానికి వేరే ఏర్పాటు అక్కర్లేదు. టీసీపీ_లూజ్ (మధ్యలో దొరికిన కనెక్షన్‌నూ ఒప్పుకునే సెట్టింగ్) విలువ మామూలుగా 1 కాబట్టి, ఇంటి వైపు నుంచి ఒక ప్యాకెట్ రాగానే నడుస్తున్న కనెక్షన్‌కు కెర్నెల్ మళ్లీ ఎంట్రీ పెడుతుంది.

తర్వాత ఎప్పుడైనా ప్యాకెట్లను పైకి పంపకుండా ఎక్స్‌డీపీలోనే దారి మళ్లించాలనుకుంటే మాత్రం చదవడం చాలదు. కెర్నెల్ ఆ ప్యాకెట్లను చూడదు కాబట్టి టైమవుట్ పెరగదు: యూడీపీ ఎంట్రీకి మామూలుగా 30 సెకన్లు, రెండువైపులా నడుస్తున్నదానికి 120. 6.0 నుంచి ఉన్న బీపీఎఫ్_సీటీ_చేంజ్_టైమవుట్‌తో పెంచాలి. విలువ మిల్లీసెకన్లలో ఇవ్వాలి, సెకన్లనుకుని 120 రాస్తే ఎంట్రీ రెప్పపాటులో పోతుంది. ఫిన్, ఆర్‌ఎస్‌టీ ప్యాకెట్లను పైకే పంపండి, టీసీపీ_బీ_లిబరల్ 1 చేయండి. లేదంటే విండో లెక్క కలవక మంచి ప్యాకెట్లు కూడా చెల్లనివిగా ముద్ర పడతాయి.

తగిలించేటప్పుడు చాలా కార్డులు రీసెట్ అయ్యి లింక్ కొన్ని క్షణాలు పడిపోతుంది. పొద్దున రద్దీ లేని వేళ, అప్‌లింక్ మీదుగా కాకుండా లోపలి పోర్ట్‌లో లాగిన్ అయి చేయండి. ఎక్స్‌డీపీ ఆఫ్ చేసే ఐపీ లింక్ కమాండ్‌ను ముందే ఇంకో టెర్మినల్‌లో టైప్ చేసి ఉంచుకోండి.